ఎగిరే సీను తీయాలంటే ముందు పడటం చూపించాలి

జానపద సినిమాలో పక్షి మీదో, గుర్రం మీదో ఎక్కి హీరో ఆకాశంలోకి లేచాడంటే హాల్లో ఈలలు పడాలి. చాలాసార్లు పడవు. సీజీకి (కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు) ఎంత ఖర్చు పెట్టినా, మేఘాల ముందు ఒక బొమ్మ ఊగుతున్నట్టే ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆ పక్షికి గానీ, దాని మీద కూర్చున్న మనిషికి గానీ బరువు ఉండదు. బరువు లేనివాళ్లు పడరు. పడరని తెలిసిపోయాక చూసేవాళ్లకు గుండె ఎందుకు జారుతుంది?

ఇక్కడ ఒకే సీను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కడదాం. చోటు కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి గండికోట. కింద లోయలో పెన్నా నది. ఒక తండ్రి ఆ నీళ్లలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) నడుపుతూ చేపలు పడతాడు. పన్నెండేళ్ల కూతురు పొద్దున్నే ఆయనతో గొడవపడి, ఇంక ఇంటికి రానని కొండ అంచుకు పరుగెత్తింది. అక్కడ కథల్లో మనం వినే గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. ఆ పిల్ల దాని మీద ఎక్కుతుంది. సీను నిడివి రెండు నిమిషాల ఇరవై సెకన్లు.

పైనుంచి ఏం కనిపిస్తుంది?

స్టోరీబోర్డు గీయక ముందే ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి: నేల మీద ఉండగా ఈ పిల్లకు కనిపించనిది, పైకి వెళ్లాక మాత్రమే కనిపించేది ఏమిటి? జవాబు 'అందమైన ప్రకృతి' అయితే మీ దగ్గర ఉన్నది టూరిజం ప్రకటన. మన సీనులో జవాబు ఆ పుట్టి. నేల మీద నాన్న పెద్దవాడు, గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. పైనుంచి చూస్తే నీళ్ల మధ్య ఒక చిన్న గుండ్రని చుక్క. ఆ చుక్క అటూ ఇటూ తిరుగుతోంది. ఎందుకు తిరుగుతోందో పిల్లకు అర్థమయ్యే క్షణం కోసమే మిగతా సీను అంతా ఉంది.

ఎగిరేటప్పుడు పాత్ర ఒక నిర్ణయం తీసుకోవాలి. 2010లో వచ్చిన 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' యానిమేషన్ సినిమాలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. కుర్రాడి దగ్గర డ్రాగన్ తోకను ఎప్పుడు ఎటు తిప్పాలో రాసుకున్న కాగితం ఉంటుంది. ఇద్దరూ విడిపోయి పడిపోతారు, ఎలాగో మళ్లీ కలుస్తారు, ఎదురుగా సముద్రంలో రాతి స్తంభాలు. కాగితం చదివే టైం లేదు. దాన్ని పారేసి చేతికి తోచినట్టు నడిపిస్తాడు. ఆ సీను గుర్తుండిపోయింది ఆ పారేయడం వల్లే. అది మీ సీనులో కాపీ కొట్టాల్సిన పని లేదు. ఎగరడం మొదలైనప్పటి మనిషి, ఆగేటప్పటి మనిషి ఒకరు కాకూడదన్న లెక్క మాత్రం తీసుకోండి.

ప్రతి ఎగిరే సీనులోనూ ప్రమాదం ఉండక్కర్లేదు. 'బాహుబలి' రెండో భాగంలో హంస ఆకారపు ఓడ పాట మధ్యలో నీళ్లు వదిలి మబ్బుల్లోకి లేస్తుంది. అక్కడ కావాల్సింది ఇద్దరి సంతోషం, అందుకే ఓడ నెమ్మదిగా, బరువుగా, ఊగుతూ వెళ్తుంది. అలాంటిది తీస్తుంటే కింద చెప్పే పడిపోవడం అక్కర్లేదు. బరువు మాత్రం దానికీ కావాలి.

లోయను రెండు సగాలు చేయండి

గండికోట లోయ లోతు సుమారు 300 అడుగులు అంటారు. అంటే 90 మీటర్లు. అంచు నుంచి పక్షి రెక్కలు ముడుచుకుని దూకితే నీళ్లను తాకడానికి 4.3 సెకన్లు పడుతుంది. అప్పటికి వేగం గంటకు 150 కిలోమీటర్లు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పడటం బాగుందని ఇరవై సెకన్లు సాగదీస్తారు. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే ఇరవై సెకన్లు పడటానికి దాదాపు రెండు కిలోమీటర్ల లోతు కావాలి. ప్రేక్షకుడు ఈ లెక్క వేయడు, కానీ చిన్నప్పుడు చెట్టు మీంచి దూకిన ఒంటికి అది తెలుసు. ఎక్కడో అబద్ధం ఉందని పసిగడుతుంది.

రెండో తప్పు, నీళ్లకు రెండు మీటర్ల పైన రెక్కలు విప్పడం. ఆ వేగంలో రెండు మీటర్లలో మలుపు తిరిగితే పక్షి రెక్కలు ఊడిపోతాయి, పిల్ల దాని మీద మిగలదు. అందుకే లోతును సగం చేయండి. మొదటి 45 మీటర్లు పడటానికి. మూడు సెకన్లు పడుతుంది, వేగం సెకనుకు 30 మీటర్లకు చేరుతుంది. మిగతా 45 మీటర్లు వంపు తిరిగి పైకి లేవడానికి. రెక్కలు గాలిని పట్టి వేగం 30 దగ్గరే నిలిచిందనుకుంటే, ఈ వంపు అడుగున పిల్ల ఒంటి మీద మామూలు బరువుకు మూడు రెట్లు పడుతుంది. 35 కిలోల పిల్ల 105 కిలోలుగా అనిపిస్తుంది.

నటన మొత్తం ఈ ఒక్క అంకెలోంచి వస్తుంది. గడ్డం గుండెకు ఆనుతుంది. బుగ్గలు కిందికి లాగుతాయి. మోచేతులు మడతపడి ముఖం ఈకల్లో కూరుకుపోతుంది. ఆ సమయంలో అరుపు రాదు, ఊపిరి బిగబట్టిన మూలుగు మాత్రమే వస్తుంది. అరుపు పడేటప్పుడు, అదీ మొదటి సెకను తర్వాత. మొదటి సెకనులో గొంతు పెగలనివ్వకండి.

పడటాన్ని స్లో మోషన్‌లో తీయకండి. స్లో మోషన్‌లో మొదట పోయేది బరువే. మూడు సెకన్లు మరీ తక్కువనిపిస్తే కట్స్‌లో కొంచెం అతివ్యాప్తి ఇవ్వండి: ముఖం మీది షాట్ చివరి పావు సెకనును పక్క నుంచి తీసిన షాట్ మొదట్లో మళ్లీ చూపించాలి, ఇలా రెండు నుంచి నాలుగు కట్స్‌లో చేస్తే మూడున్నర, నాలుగు సెకన్ల దాకా లాగొచ్చు. అంతకు మించితే తెలిసిపోతుంది. నిడివి కావాలంటే దూకక ముందు అంచు మీద తీసుకోండి. పక్షి గోళ్ల కింద నుంచి ఒక రాయి జారి కింద పడటం, దాని చప్పుడు నాలుగున్నర సెకన్ల తర్వాత వినిపించడం. లోతు ఎంతో ప్రేక్షకుడికి ముందే చెప్పేశారు.

వేగం గోడ దగ్గర ఉంటుంది

ఆకాశం మధ్యలో ఎంత వేగంగా వెళ్లినా ఆగినట్టే కనిపిస్తుంది. లెక్క చూడండి. పక్షి సెకనుకు 30 మీటర్లు వెళ్తోంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24 ఎంఎం లెన్స్ పెట్టి పక్కకు చూస్తే, 300 మీటర్ల దూరంలో ఉన్న కొండ రాయి ఫ్రేమ్ దాటడానికి పదిహేను సెకన్లు. అదే రాయి ఆరు మీటర్ల దూరంలో ఉంటే ఏడు ఫ్రేములు! వేగం మారలేదు, దూరం మారిందంతే. గోడను వదిలి లోయ నడిమధ్యలో పక్షిని నడిపిస్తే గండికోటలో షూటింగ్ పెట్టుకున్నందుకు ఫలితం లేనట్టే. ఆ ఎర్రటి పలకల్లాంటి రాళ్ల అంచులు, పగుళ్లలోంచి వంగి పెరిగిన పొదలు ముఖం పక్క నుంచి దూసుకుపోవాలి.

అలాగని ఎగిరినంతసేపూ గోడను రాసుకుంటూ పోతే కన్ను అలిసిపోతుంది. నాలుగైదు సెకన్లు దగ్గరగా, తర్వాత ఒక్కసారి గోడ తెగి లోయ విశాలంగా తెరుచుకోవాలి, మళ్లీ దగ్గరకు. ఆ తెరుచుకున్నచోటే కోట గోడను, ధాన్యాగారాన్ని, మసీదు మినార్లను ఒకసారి చూపించండి. తాము ఎక్కడున్నామో ప్రేక్షకుడికి తెలియాలి. పక్షి తెర మీద ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే, తిరిగి వచ్చే నిర్ణయం దాకా ఆ దిక్కు మార్చొద్దు. వెనక్కి తిరిగిన ఆ ఒక్క క్షణంలోనే కుడి నుంచి ఎడమకు మారాలి. ఇంటివైపు తిరిగిందని మాటల్లేకుండా తెలుస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్ ప్లేట్లు (పక్షి వెనక కలపడానికి విడిగా తీసే లోయ షాట్లు) డ్రోన్‌తో తీసేటట్టయితే, మామూలు డ్రోన్లు సాధారణ మోడ్‌లో సెకనుకు 15 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. గోడకు మూడు మీటర్ల దూరంలో 15 వేగంతో వెళ్తే, ఆరు మీటర్ల దూరంలో 30 వేగంతో వెళ్లినంత జోరు కనిపిస్తుంది. అయితే లోయలో జీపీఎస్ సిగ్నల్ సరిగా అందదు, మధ్యాహ్నం గాలి సుడులు తిరుగుతుంది. మూడు మీటర్ల దూరం అనుభవమున్న ఎఫ్‌పీవీ పైలట్ (డ్రోన్ కెమెరా దృశ్యాన్ని కళ్లద్దాల్లో చూస్తూ నడిపేవాడు) చేసే పని. ఇంకాస్త భద్రమైన దారి, గోడను మబ్బు పట్టిన పూట 70 నుంచి 80 శాతం ఒకదానిమీదొకటి వచ్చేలా ఫొటోలు తీసి త్రీడీ మోడల్ కట్టుకోవడం. ఎండలో తీస్తే నీడలు మోడల్ మీద అతుక్కుపోతాయి, తర్వాత మీ సూర్యుడిని జరపలేరు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, షూటింగ్ అనుమతి ముందే తీసుకోవాలి. డ్రోన్‌కు ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

సెకనుకు 24 ఫ్రేముల దగ్గర షట్టర్‌ను 1/48 సెకను కన్నా వేగంగా పెట్టకండి. ఆ లెక్కన దగ్గరి రాయి ఒక్కో ఫ్రేములో అరమీటరు పైగా చెరిగిపోతుంది, కంటికి వేగంగా అనిపించేది ఆ చెరుపే. ఎండ ఎక్కువని షట్టర్ పెంచేస్తే గోడ తడబడుతూ కదులుతుంది. లెన్స్‌కు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేయండి.

పక్షి ఒళ్లు

మనిషిని మోసే పక్షి ఎంత ఉండాలి? భూమి మీద ఎగిరిన జీవుల్లో అతి పెద్దదిగా చెప్పే క్వెట్జల్‌కోట్లస్ రెక్కల కొస నుంచి కొసకు పది పదకొండు మీటర్లు ఉండేదని అంచనా. మీ గండభేరుండానికి అదే కొలత పెట్టుకోండి. అంత రెక్క పిచ్చుకలా టపటపలాడకూడదు. సెకనుకు ఒక్క ఊపు చాలు: 14 ఫ్రేములు కిందికి, 10 ఫ్రేములు పైకి. పైకి లేచేటప్పుడు రెక్క సగం ముడుచుకోవాలి. రెక్క కిందికి కొట్టినప్పుడు ఒళ్లు పైకి లేవాలి, రెక్క లేచినప్పుడు ఒళ్లు దిగాలి. పిల్ల ఆ కదలికను రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా అందుకోవాలి, జుట్టు ఇంకో రెండు ఫ్రేముల తర్వాత. అన్నీ ఒకేసారి కదిలితే పిల్లను పక్షికి జిగురుతో అంటించినట్టుంటుంది.

ఊపు ఎంత తక్కువైతే పక్షి అంత పెద్దది. లోయలోంచి పైకి వచ్చాక ఎనిమిది సెకన్లు ఒక్క ఊపు కూడా లేకుండా తేలనివ్వండి. గద్దలు వేడిగాలిలో తిరిగేటప్పుడు చూడండి, రెక్కల చివరి ఈకలు మాత్రం ఒక్కొక్కటీ వేరుగా వణుకుతుంటాయి. యానిమేటర్ పని తెలిసేది ఆ ఈకల్లోనే.

మలుపులకూ లెక్క ఉంది. సెకనుకు 30 మీటర్ల వేగంలో 45 డిగ్రీలు వాలితే మలుపు వ్యాసార్ధం 92 మీటర్లు, 60 డిగ్రీలు వాలితే 53. వాలకుండా పక్కకు జరిగే పక్షిని కన్ను ఒప్పుకోదు.

గ్రీన్ మ్యాట్ ముందు

పిల్లను రోప్ మీద వేలాడదీయడం కన్నా కూర్చోబెట్టడం మేలు. పక్షి వీపు ఆకారంలో ఫోమ్ చెక్కి, ఇనుప ఫ్రేముకు బిగించి, దాన్ని మోషన్ బేస్ (యంత్రంతో ఊగే వేదిక) మీద పెడతారు. బడ్జెట్ లేకపోతే ఆ ఫ్రేమును గాలి కొట్టిన రెండు ట్రాక్టర్ ట్యూబుల మీద కట్టి, నాలుగు మూలలా నలుగురు ఫైటర్లతో ఊపించొచ్చు. ఏది వాడినా ప్రీవిజ్‌లోని (షూటింగ్‌కు ముందే కంప్యూటర్‌లో చేసుకున్న ముతక యానిమేషన్‌లోని) కదలికనే అనుసరించాలి. మానిటర్‌లో ప్రీవిజ్ నడుస్తుంటే ఒకరు గట్టిగా అంకెలు లెక్కపెట్టాలి, ఫైటర్లు ఆ అంకెలకు ఊపాలి. తోచినట్టు ఊపితే తర్వాత సీజీ పక్షి ఈ ఊపును అందుకోలేదు.

రోప్ తప్పదనుకున్నచోట, పిల్ల పక్కకు జారి ఒంటిచేత్తో వేలాడే షాట్ లాంటిది, రోప్‌లు నడుము దగ్గర ఒంటి బరువు సమంగా తూగే చోట రెండు పక్కలా పడాలి. వీపు మీద ఒక్కటే వేస్తే కాళ్లు చచ్చుబడినట్టు కిందికి వేలాడతాయి, ఎగరడం అంతా అక్కడే బయటపడిపోతుంది. రెండో భద్రతా రోప్ ఉండాలి. పిల్ల కన్నా ఎక్కువ బరువున్న ఇసుక మూటతో ముందు పూర్తి రిహార్సల్ చేయాలి. ఒక్కో టేక్‌కు వేలాడే సమయం ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు, హార్నెస్ తొడల దగ్గర రక్తాన్ని ఆపుతుంది. బాల నటులు కాబట్టి జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. షెడ్యూలు ఈ లెక్కతోనే వేయండి.

1978 నాటి 'సూపర్‌మ్యాన్'లో క్రిస్టఫర్ రీవ్ తీగల మీద వేలాడుతూ కూడా నిజంగా ఎగురుతున్నట్టు కనిపించడానికి ఒక కారణం, ఆయన స్వయంగా పైలట్. మలుపు ఒంట్లోంచి మొదలయ్యేది. మీ నటికి నేర్పాల్సిన వరుస ఇదే: ముందు కళ్లు, తర్వాత గడ్డం, తర్వాత భుజం, చివరికి నడుము. కళ్ల నుంచి నడుము దాకా మొత్తం అరసెకను పట్టాలి.

లైటింగ్ దగ్గర ఎక్కువ టైం పెట్టండి, ఎక్కువ షాట్లు చెడేది ఇక్కడే. పక్షి 60 డిగ్రీలు వాలి వెనక్కి తిరగడానికి ఐదున్నర సెకన్లు పడుతుంది. ఆ ఐదున్నర సెకన్లలో సూర్యుడు పిల్ల ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు రావాలి. కీ లైటును (ముఖం మీద పడే ప్రధాన లైటును) జిబ్ అనే చిన్న క్రేన్ చివర కట్టి సరిగ్గా అంత టైంలో తిప్పండి. గోడ దగ్గరగా వెళ్లే షాట్లలో లైటు ముందు నుంచి కొమ్మలు, అట్టముక్కలు చకచకా కోస్తూ వెళ్లాలి. నీళ్ల పైన ఉంటే కింద నుంచి వెలుగు తళుకులు కావాలి, తొట్టిలో అద్దం ముక్కలు, నీళ్లు పోసి లైటు కొట్టండి. ఈ కదిలే వెలుగు లేకపోతే కంపోజిటింగ్‌లో (షాట్లను ఒకటిగా కలిపేటప్పుడు) ఏం చేసినా పిల్ల స్టూడియోలో కూర్చున్నట్టే ఉంటుంది. గ్రీన్ మ్యాట్‌కు కనీసం మూడు మీటర్లు ముందు ఉంచండి, లేకపోతే నల్ల జుట్టు అంచులన్నీ పచ్చబడతాయి. పావడా రంగు ఎరుపు ఎంచుకోండి.

పెద్ద ఫ్యాన్ ఒక్కటే పెట్టి సీను అంతా ఒకే గాలి కొట్టించడం ఇంకో మామూలు పొరపాటు. పడేటప్పుడు గాలి కింద నుంచి రావాలి, జుట్టు నిలువునా లేవాలి. పైకి లేచేటప్పుడు పైనుంచి. తేలేటప్పుడు దాదాపు ఆగిపోవాలి.

కెమెరామన్ కూడా ఎగురుతున్నాడు

ప్రీవిజ్‌లో కెమెరాకు ఎక్కడికైనా పోయే స్వేచ్ఛ ఉంటుంది, దాన్ని వాడకండి. పక్షి వెనకాలే ఇంకో పక్షి మీద ఒక కెమెరామన్ ఉన్నాడనుకోండి. అతనికీ బరువుంది, అతనికీ గోడ తగులుతుంది. పక్షి మలుపు తిరిగితే అతను నాలుగు నుంచి ఆరు ఫ్రేములు ఆలస్యంగా తిరుగుతాడు. దూకినప్పుడు పిల్ల ఒక క్షణం ఫ్రేము కింద నుంచి జారిపోతుంది, అతను వెతికి పట్టుకుంటాడు. ఆ జారిపోయిన అరసెకనులో ప్రేక్షకుడికి కలిగే గాభరాను ఏ ఎఫెక్టూ ఇవ్వలేదు.

ఇక అసలు షాట్. పిల్ల కిందికి చూస్తుంది, పుట్టి కనిపిస్తుంది. పుట్టి వెడల్పు రెండు మీటర్లనుకోండి. 90 మీటర్ల ఎత్తు నుంచి 24 ఎంఎం లెన్స్‌తో తీస్తే, 1920 పిక్సెళ్ల ఫ్రేములో అది 28 పిక్సెళ్లు వస్తుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు అది చుక్క కూడా కాదు. 85 ఎంఎంతో తీస్తే వంద పిక్సెళ్లు దాటుతుంది, తెడ్డు ఊపే మనిషి తెలుస్తాడు. రెండూ తీయండి. ముందు 24 ఎంఎం షాట్ మూడు సెకన్లు: ఎంత నీళ్లు, ఎంత చిన్న చుక్క. పుట్టి వెనక నీటి మీద గుండ్రటి గీతలు ఉంచితే కన్ను అక్కడికే వెళ్తుంది. తర్వాత పిల్ల ముఖం. ఆ తర్వాత 85 ఎంఎం. ముఖానికి ముందే 85 చూపిస్తే ఆ గుర్తుపట్టడం మనదవుతుంది, పిల్లది కాదు. ముఖం మీద కనీసం ఆరు సెకన్లు ఆగండి. ఇంతకు ముందు షాట్లన్నీ ఒకటి రెండు సెకన్లలో మారుతూ వచ్చాయి కాబట్టి ఈ ఆరు సెకన్ల బరువు వేరేగా ఉంటుంది.

చప్పుడు

సంగీతం మొదటి నుంచి మోగుతూ ఉంటే, రెక్కలు విప్పినప్పుడు ఇంక పెంచడానికేం మిగలదు. అంచు మీద సంగీతం వద్దు. పడే మూడు సెకన్లలో గాలి సున్నా నుంచి చెవులు గింగురుమనేదాకా పెరగాలి. రెక్కలు విచ్చుకునే చప్పుడుకు టార్పాలిన్ పట్టాను ఇద్దరు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించండి, దాని కింద లోతైన డప్పు దెబ్బ ఒకటి. వెంటనే పన్నెండు ఫ్రేములు దాదాపు నిశ్శబ్దం. అప్పుడు ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) మొదలవ్వాలి. మామూలు రెక్క ఊపులకు మైక్ దగ్గర వెదురు చేట ఊపితే సరిపోతుంది. పిల్ల ఊపిరిని విడిగా డబ్బింగ్‌లో తీసుకోండి, ఫ్యాన్ల హోరులో సెట్ మీద వచ్చింది పనికిరాదు.

పుట్టి షాట్ దగ్గర సంగీతాన్ని మళ్లీ ఆపేయండి. నాన్న "పాపా, యాడుండావే!" అని అరుస్తున్నాడు, కానీ ఆ దూరం నుంచి మాటలు వినిపించకూడదు. గోడలకు తగిలి విరిగిన గొంతు మాత్రం, అదీ 90 మీటర్లకు పావు సెకను ఆలస్యంగా. మాట స్పష్టంగా వినిపిస్తే పిల్ల అర్థం చేసుకోవడానికి ఏమీ మిగలదు.

డబ్బు ఖర్చయ్యే ముందు ఒక పరీక్ష పెట్టండి. రంగులు, ఈకలు ఏమీ లేని బూడిదరంగు ప్రీవిజ్‌ను, పైన చెప్పిన చప్పుళ్లు మాత్రం తగిలించి, కథ తెలియని నలుగురికి ఫోన్‌లో చూపించండి. బాగుందా అని అడగొద్దు. పిల్ల పైనుంచి ఏం చూసింది, ఎందుకు వెనక్కి తిరిగింది అని అడగండి. ముగ్గురు చెప్పలేకపోతే పుట్టి షాట్ లెన్స్ మార్చండి, లేదా ముఖం మీద ఇంకో రెండు సెకన్లు పెంచండి. చెప్పగలిగి, పడే దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదంటే గోడను ఇంకా దగ్గరకు తెచ్చి మళ్లీ చూపించండి. ఈ రెండూ కుదిరాకే ప్రీవిజ్ లాక్ చేసి సీజీ వాళ్లకు పంపండి. ఈకలు వేశాక షాట్ నిడివి మార్చాలంటే రెండోసారి బిల్లు కట్టాలి.